వెలుతురు విరిచేది మీథేన్‌ను కాదు

ఒక్క వాక్యం అంటే చాలన్నారు. అంటే రష్మికి ఉద్యోగం ఉంటుంది, అనకపోతే వచ్చే నెల నుంచి క్లాసులు ఉండవు. రాయగడలో రైలెక్కినప్పటి నుంచి ఆ వాక్యాన్ని ఆమె వక్కముక్కలా నోట్లో అటూ ఇటూ తిప్పుతోంది, నమలడం లేదు, ఉమ్మడం లేదు. మాతృభాష వల్ల పొరపడ్డాను, పిల్లలకు తప్పు చెప్పాను. ఇంతే. ఒడియాలో అనమన్నా అనగలదు, ఇంగ్లీషులో అనమన్నా అనగలదు, కెమిస్ట్రీ హెడ్డు బిశ్వజిత్ సార్ ఏ భాషలో అన్నా పరవాలేదన్నారు. భాష రాక తప్పు చేశానని ఒప్పుకోవడానికి మూడు భాషలు వచ్చి ఉండాలన్నమాట, ఈ సంగతి ఆయనకు తట్టినట్టు లేదు, రష్మికి కూడా ఇప్పుడు లక్ష్మీపూర్ రోడ్డు స్టేషను దాటాక తట్టింది. నవ్వొచ్చింది. ఎదురు సీట్లో టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న తల్లి ఆ నవ్వును పట్టుకుంది.

"ఏటే అమ్మీ, నీలో నువ్వే నవ్వుకుంతన్నావు? అక్కడికెల్లి కూడా ఇలగే నవ్వకు. ఉన్నది కూడా పోతాది."

బుల్లమ్మ ఈ ప్రయాణానికి ఎవరూ పిలవకుండానే బయల్దేరింది. శనివారం సాయంత్రం ఇంటికి రావడం, సోమవారం పొద్దున్నే కోరాపుట్‌లో కాలేజీ దగ్గరి అద్దెగదికి తిరిగి వెళ్ళడం రష్మికి రెండేళ్ళుగా అలవాటు, ఎప్పుడూ ఒక్కతే వెళ్తుంది. ఈసారి ఒక్కదాన్నీ పంపనంది తల్లి, ఆ సారు కాళ్ళు నాను పట్టుకుంతాను, నీకు సిగ్గయితే గుమ్మంకాడ నిలబడు అంది. తండ్రి జోగయ్య రాయగడ మునిసిపాలిటీలో నీళ్ళ వాల్వులు తిప్పే మనిషి, స్టేషను దాకా నడిచి వచ్చి, కిటికీ ఊచ పట్టుకుని, రైలు కదిలేటప్పుడు ఒక మాట అన్నాడు, సూసి మాటాడమ్మీ. చూసే మాట్లాడింది రష్మి. చూసి మాట్లాడటం వల్లే ఈ గొడవ.

సొరంగం వచ్చింది. పెట్టెలో దీపాలు వెలగలేదు. ఎప్పటిలాగే ఎవరో పిల్ల కేక వేసింది, పక్క పెట్టెలోంచి ఇంకెవరో బదులు కేక వేశారు, ఆ తర్వాత చక్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు. చీకట్లో మీథేన్, క్లోరిన్ ఒకే పాత్రలో కలిపి ఉంచినా ఏమీ జరగదు, నిన్న ఎలా ఉన్నాయో రేపూ అలాగే ఉంటాయి, ఈ పెట్టెలో జనం కూర్చున్నట్టు, భుజానికి భుజం తగులుతూ, ఎవరి సంచి వాళ్ళు పట్టుకుని. మీథేన్ అంటే ఒక కార్బన్, దానికి నాలుగు హైడ్రోజన్లు, హైడ్రోకార్బన్లలో అంతకంటే చిన్నది లేదు. ఒక్కో బంధంలో రెండు ఎలక్ట్రాన్లు, కార్బన్ తెచ్చినది ఒకటి, హైడ్రోజన్ తెచ్చినది ఒకటి. బంధం తెగితే రెండు విధాలుగా తెగుతుంది. ఇద్దరిలో ఒకరే రెండూ పట్టుకుపోతే ఒకరు మైనస్సు, ఇంకొకరు ప్లస్సు. అలా కాకుండా ఎవరు తెచ్చుకున్నది వాళ్ళు తీసుకుపోతే ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు, జత లేని ఎలక్ట్రాను ఒకటి మిగులుతుంది, బోర్డు మీద దానికి ఒక చుక్క పెడతారు. ఆ చుక్క మోసేదాన్ని పార్వతీపురంలో ఆమె చదివిన పుస్తకం స్వేచ్ఛా ప్రాతిపదిక అంది, ఎమ్మెస్సీ పుస్తకం ఫ్రీ రాడికల్ అంది, కోరాపుట్ క్లాసులో ఒడియాలో ముక్త మూళక అనాలి. మూడు పేర్లు, చుక్క ఒకటే. వెలుతురు వచ్చింది, కింద లోయలో పసుపు పూల వలిసె చేలు కనిపించాయి, అవి పూర్తిగా కళ్ళకు ఆనేలోపే మళ్ళీ చీకటి.

జరిగింది ఇంతే. బిశ్వజిత్ సార్ రాసిన గైడు ఒకటి ఉంది, కాలేజీలో సైన్సు చదివే పిల్లలందరి దగ్గరా ఉంటుంది. అందులో మీథేన్ మీద క్లోరిన్ చర్యకు మొదటి మెట్టు ఇలా అచ్చయింది: వెలుతురు పడగానే మీథేన్ విరిగి మిథైల్ రాడికల్, హైడ్రోజన్ రాడికల్ అవుతుంది. రష్మి క్లాసులో ఆ లైను కొట్టేయమంది. వెలుతురు విరిచేది మీథేన్‌ను కాదు, క్లోరిన్‌ను అని చెప్పింది. క్లోరిన్ రెండు సమాన ముక్కలవుతుంది, అందులో ఒక ముక్క వచ్చి మీథేన్ దగ్గర ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది, అప్పుడు మిథైల్ చుక్కతో మిగులుతుంది అని చెప్పింది. బిందుశ్రీ అనే అమ్మాయి పరీక్షలో అలాగే రాసింది. పేపర్లు దిద్దినది బిశ్వజిత్ సార్, గైడులో ఉన్నట్టు లేదని ఆ ప్రశ్నకు సున్నా వేశారు. బిందుశ్రీ తండ్రి మల్లేశ్వరరావు గారికి జయపురంలో హోల్‌సేల్ కిరాణా ఉంది, ఆయన కారేసుకుని వచ్చి కాలేజీ సెక్రటరీ గదిలో కూర్చున్నారు. గైడు తప్పా, మేడమ్ తప్పా, ఏదో ఒకటి తేల్చమన్నారు. అప్పుడు బిశ్వజిత్ సార్ ఒక మాట అన్నారట, దాంతో గదిలో అందరూ ఊపిరి పీల్చుకున్నారట, ప్యూను వచ్చి రష్మికి చెప్పాడు. పాపం, రష్మి మేడమ్‌ది తెలుగు మీడియం, ముక్త మూళక దగ్గర ఆమెకు మొదటి నుంచీ తికమకే.

మొదటి నుంచీ. ఆ మాట అబద్ధమైతే బాగుండేది, ఉమ్మేసి ఊరుకునేది. ఇంటర్ రెండేళ్ళు పార్వతీపురంలో మేనత్త ఇంట్లో ఉండి తెలుగులో చదివింది, డిగ్రీకి కోరాపుట్ వచ్చింది, మొదటి ఏడాది ప్రాక్టికల్ పరీక్షకు వైవా తీసుకున్నది బిశ్వజిత్ సారే. ముక్త మూళక అంటే ఏమిటని ఒడియాలో అడిగారు. మూళక. ఆమె చెవి ఆ ళ-ను ల చేసి, చివర సున్నా తగిలించి, తనకు తెలిసిన మాటగా మార్చి లోపలికి పంపింది. మూలకం. ముక్తమైన మూలకం, ఎవరితోనూ కలవకుండా తనంత తాను ఉండే మూలకం. హీలియం సార్, నియాన్ సార్ అంది, బంగారం కూడా సార్ అని కలిపింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి నవ్వారు. మీ ఆంధ్రాలో మూలకాలను జైల్లో పెడతారా, ఎవరు విడుదల చేశారు వీటిని అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు, ఆమె కూడా నవ్వింది, నవ్వకపోతే ఏడవాలి. ఆ మూడేళ్ళూ ఆమె పేరు హీలియం. ఎమ్మెస్సీ చేసి ఉద్యోగానికి ఆయన గదిలో అడుగు పెట్టినప్పుడు కూడా, అరే హీలియం, రండి రండి అన్నారు, టీ తెప్పించారు, సెక్రటరీకి ఫోను చేసి మన పిల్లే అన్నారు. ఇంటర్వ్యూకి వచ్చిన మిగతావాళ్ళను కాదని ఆమెను తీసుకున్నారు. అదీ అబద్ధం కాదు. పార్వతీపురంలోనో, అచ్చంగా ఒడియా మాట్లాడే ఊళ్ళోనో మూళకానికీ మూలకానికీ తేడా తెలియక ఎవరూ దెబ్బ తినరు, అక్కడ ఒక భాషలో ఒక్క మాటే ఉంటుంది. ఇక్కడ ఒక కాలు ఆ మాట మీదా ఇంకో కాలు ఈ మాట మీదా వేసుకుని నిలబడేవాళ్ళు మాత్రమే ఇలా జారుతారు. జోగయ్య అయితే దాన్ని కూడా తమాషా చేస్తాడు, సంత నుంచి బంగాళాదుంపలు తెచ్చిన ప్రతిసారీ సంచి గుమ్మంలో దించి అదే మాట. ఒడియాలో ఆలు అంటే దుంప, తెలుగులో ఆలంటే పెళ్ళాం.

"బజార్లో ఆలు సవకే, ఇంట్లో ఆలే పిరియం."

"ఆ సవక దాన్నే ఏలుకో, ఎవులొద్దన్నారు?" అంటుంది బుల్లమ్మ సంచి లాక్కుంటూ.

ఆ ఇంట్లో రెండు భాషలు గుద్దుకుంటే నవ్వు పుట్టేది. కాలేజీలో గుద్దుకుంటే కాయితాల మీదికెక్కుతుంది.

వెలుతురు, చీకటి, వెలుతురు. కిటికీ అద్దం మీద ఊపిరి వదిలి వేలితో బాణం గీసింది రష్మి, మొనకు ఒక్క పక్కే ముల్లున్న బాణం. రెండు ఎలక్ట్రాన్లు కదిలితే మొనకు రెండు పక్కలా ముళ్ళుంటాయి, ఒక్కటే కదిలితే ఒక్క పక్కే. గాలంలా ఉంటుందని పిల్లలు అన్నారు, ఆమెకూ మొదట అలాగే అనిపించింది, నాగావళి ఒడ్డున రాళ్ళ మీద గొంతుక్కూర్చుని తండ్రి గాలం వేస్తుంటే పక్కన కూర్చునేది, ఒక్క ముల్లు, ఒక్క చేప. ఈ బాణం క్లోరిన్ బంధం మధ్య నుంచి అటొకటి ఇటొకటి గీయాలి. మీథేన్ మీద గీయకూడదు. ఎందుకు గీయకూడదు అని క్లాసులో అడిగింది సోని, వెనక బెంచీ పిల్ల, దేనికైనా ఎందుకు అంటుంది. కార్బన్‌కూ హైడ్రోజన్‌కూ మధ్య బంధం తెంచాలంటే నూట అయిదు కిలో కాలరీలు కావాలి, క్లోరిన్ బంధానికి యాభై ఎనిమిది చాలు, బోర్డు మీద రాసింది. అయినా సోని ముఖంలో ఎందుకు పోలేదు. అప్పుడు రంగు సంగతి చెప్పింది. క్లోరిన్‌కు రంగుంది, పసుపు కలిసిన ఆకుపచ్చ, రంగుందంటే వెలుతురులో కొంత అది తినేస్తోందని అర్థం, తిన్నదానికి బలం వస్తుంది, ఆ బలంతోనే విరుగుతుంది. మీథేన్‌కు రంగు లేదు, మనం వాడే దీపం వెలుతురు దానిలోంచి అటు నుంచి ఇటు దాటిపోతుంది, మీథేన్‌కు ఆ సంగతే తెలియదు. మీథేన్‌ను ఒక్కదాన్నే ఆ దీపం కింద ఎంతసేపు ఉంచినా మీథేన్‌గానే ఉంటుంది. అన్నం పెట్టని వాడికి కడుపు నిండదు కదా మేడమ్ అంది సోని. అంతే అంది రష్మి. ఆ రోజు క్లాసులో ఒడియా ఉంది, తెలుగు ఉంది, ఈ కొండల్లో మాట్లాడే దేశియా ఉంది, ఎవరికీ ఏ తికమకా రాలేదు.

తర్వాత కుళాయి సంగతి చెప్పింది. తండ్రి పని గురించి క్లాసులో చెప్పడానికి మొదట్లో సిగ్గుపడేది, ఇప్పుడు పడదు. జోగయ్య వాల్వు ఒక్కసారి తిప్పి సైకిలెక్కి పక్క వార్డుకు వెళ్ళిపోతాడు. ఆయన చేసింది అంతే. కానీ నీళ్ళు రాగానే తోపులాటలో వరసలోంచి ఒక మనిషి చోటు పోతుంది. చోటు పోయిన మనిషి ఊరుకోదు, తన ముందున్నామె బిందె పక్కకు తోసి ఆ చోటు లాక్కుంటుంది. ఇప్పుడు చోటు లేనిది ఆ ముందామె, ఆమె ఇంకొకరిది లాక్కుంటుంది. లెక్క చూస్తే చోటు లేని మనిషి ఎప్పుడూ ఒక్కతే, మనిషి మాత్రం మారుతూ ఉంటుంది, జోగయ్య ఊరి అవతల టీ తాగుతున్నా ఇక్కడ తగువు నడుస్తూనే ఉంటుంది. క్లోరిన్ ముక్క మీథేన్ దగ్గర హైడ్రోజన్‌ను లాక్కుంటే తన లోటు తీరింది, లోటు మిథైల్‌కు వచ్చింది. మిథైల్ వెళ్ళి ఇంకో క్లోరిన్ జంటలో ఒకదాన్ని లాక్కుంటే మిథైల్ లోటు తీరింది, మళ్ళీ ఒక క్లోరిన్ ముక్క రోడ్డున పడింది. ఒక్క తునక వెలుతురుకు వేల అణువులు మారిపోతాయి. మరి ఎప్పుడాగుతుంది అంది బిందుశ్రీ. చోటు లేని ఇద్దరు ఒకరికొకరు ఎదురుపడితే ఆగుతుంది. రెండు మిథైల్‌లు ఎదురుపడ్డాయనుకో, కలిసి ఈథేన్ అవుతాయి. పాత్రలో ఎవరూ ఈథేన్ పోయలేదు, చర్య అయ్యాక చూస్తే అందులో దాని జాడ ఉంటుంది. మిథైల్‌ను కంటితో ఎవరూ చూడకపోయినా అది పుట్టిందనడానికి సాక్ష్యం ఆ జాడ. క్లోరిన్ లేకపోతే మేడమ్, హైడ్రోకార్బన్ల నుంచి రాడికల్స్ పుట్టవా అని మళ్ళీ బిందుశ్రీయే. పుడతాయి, వేడి చేయాలి. ఈథేన్‌ను గాలి తగలకుండా బాగా వేడి చేస్తే కార్బన్‌కూ కార్బన్‌కూ మధ్య బంధం ముందు తెగుతుంది, అది హైడ్రోజన్ బంధం కంటే బలహీనం, రెండు మిథైల్‌లు వస్తాయి. ఇలా ఆల్కేన్ల నుంచి వచ్చేవాటిలో పుట్టడం కష్టమైనది మిథైల్, దానికి పక్కన ఇంకో కార్బన్ ఆసరా ఉండదు. పక్కన ఒక కార్బన్ ఉంటే చుక్కను మోయడం కొంచెం తేలిక, రెండుంటే ఇంకా తేలిక, మూడుంటే మరీ తేలిక. బిందుశ్రీ ఇదంతా రాసుకుంది. రాసుకుని పరీక్షలో రాసింది. సున్నా తెచ్చుకుంది.

సోమవారం పదకొండింటికి మీటింగు, అందులో ఆ వాక్యం అనాలన్నారు సెక్రటరీ. మల్లేశ్వరరావు గారు శుక్రవారం ఫోను చేశారు, అదే మాట ఆయన తెలుగులో చెప్పారు. వాళ్ళది పాలకొండ అవతల ఊరు, తాత తరంలో జయపురం వచ్చారు, మాట మాత్రం రాలేదు, అక్కడే ఉండిపోయింది.

"మేడమ్, మనోలం మనోలం. సోమారం ఆల్ల ముందు ఓ మాట అనీసి వదిలీండి. నా పిల్లకి మార్కులు కలుపుతానన్నాడు ఆ సారు. మీ ఉజ్జోగం ఉంటాది, ఆయన పరువుంటాది. ముగ్గురికీ లాబవే కదండీ, ఎవులికి నట్టం?"

అంతలో ఫోను చెయ్యి మారింది. బిందుశ్రీ గొంతు. మేడమ్, నాకొకటి చెప్పండి, మీరు చెప్పింది రైటా, తప్పా? రష్మికి ఆ రెండు మాటల్లో ఏది పలకాలో తెలుసు, క్లోరిన్ రంగు తెలిసినంత బాగా తెలుసు. సోమవారం చెప్తానమ్మా అంది. ఫోను పెట్టేసింది. ఎవరికి నష్టం అన్నారు కదా ఆయన, నష్టం ఆ పిల్లకు. తను చదివినదాన్ని అమ్మడానికి పెద్దవాళ్ళు ముగ్గురు ఒప్పుకున్నారని ఆ పిల్లకు తెలిసిపోతుంది.

"మీ బాబు ఆరోగ్గెం బాగునేదు, నీకెరుకే కదా," అంది బుల్లమ్మ, చాలాసేపటి నుంచి లోపల జరుగుతున్న మాటకు కొనసాగింపుగా. "మోకాల్లట్టుకుపోయి వాల్వు గుంటలోకి దిగనేకపోతన్నాడు. ఓ మాటంటే నీ సొమ్మేటి పోయింది? నాను బతికినకాడికి రోజుకో పది మాటలు పడతన్నాను, ఏటి, అరిగిపోనానా?"

తల్లి చెప్పింది నిజం. తండ్రి మోకాళ్ళు నిజం, అద్దెగది నిజం, బిశ్వజిత్ సార్ తెప్పించిన టీ నిజం. ఆయన చెడ్డమనిషి కాదు, గైడు రాసేటప్పుడు ఎక్కడో చూసి దించుకుని ఉంటారు, ఒక లైను, మనుషులన్నాక పొరపడతారు, వైవాలో హీలియం అన్న రష్మికి ఆ సంగతి తెలియదా. ఆయన గైడులో లైను దిద్దుకుంటే రెండు రోజుల్లో అందరూ మరిచిపోతారు. దిద్దుకోరు. దిద్దుకోకుండా ఉండటానికి ఒక దారి దొరికింది, ఆ దారి ఆమె నాలుక మీదుగా పోతోంది. అదే మింగుడు పడటం లేదు. మాట పడటం వేరు, మాట అనడం వేరు. బుల్లమ్మ పది మాటలు పడింది, ఎవరో అంటే పడింది, తన భాష దొంగదని తన నోటితో ఏ రోజూ అనలేదు. రేపు ఇంకో పిల్ల వస్తుంది, ఇంట్లో దేశియా మాట్లాడే పిల్ల, కువి మాట్లాడే పిల్ల, పుస్తకంలో తప్పు చూపిస్తుంది. వెంటనే అంటారు, పాపం, భాష తికమక, ఆ రష్మి మేడమ్ కూడా ఒప్పుకుంది కదా. ఒక్కసారి మొదలైతే ఎవరూ తోయక్కర్లేదు, దానంతట అదే నడుస్తుంది. వైవాలో చేసిన తప్పు ఆమెది, దాని మీద ఇంకా పదేళ్ళు నవ్వినా నవ్వుతుంది. దాన్ని తెచ్చి ఈ తప్పు మీద కప్పడానికి ఇవ్వదు. ఆ తప్పు నాది. ఈ తప్పు నాది కాదు. ఇవీ రెండు వాక్యాలే. నోట్లో తిరగడం లేదు, నిలబడ్డాయి.

మళ్ళీ సొరంగం. ఇది పొడుగుది, పిల్లలు కేకలు వేసి వేసి ఊరుకున్నారు. రష్మి ఫోను తీసింది. క్లాసు గ్రూపులో పిల్లలందరూ ఉన్నారు, బిశ్వజిత్ సార్ కూడా ఉన్నారు, ఎప్పుడూ ఏమీ రాయరు గాని చూస్తారు. ఒడియాలో మొదలుపెట్టింది, కింద తెలుగులో, దాని కింద ఇంగ్లీషులో, ఒక్కో భాషలో నాలుగేసి లైన్లు. గైడులో మీథేన్ క్లోరినేషన్ మొదటి మెట్టు తప్పు, కొట్టేయండి. వెలుతురు విరిచేది క్లోరిన్‌ను. క్లోరిన్ రాడికల్ మీథేన్ నుంచి హైడ్రోజన్‌ను లాక్కుంటే మిథైల్ రాడికల్ వస్తుంది, ఈ చర్యలో హైడ్రోజన్ రాడికల్ పుట్టదు. బిందుశ్రీ రాసిన జవాబు రైటు. ఇంగ్లీషు అయ్యాక ఆగింది. మళ్ళీ పైకి వెళ్ళి మూడు చోట్లా ఒక లైను కలిపింది: ఇందులో భాషా దోషం ఏమీ లేదు. బొటనవేలు పెట్టి నొక్కింది. సిగ్నలు లేదు. మెసేజి పక్కన చిన్న గడియారం బొమ్మ తిరుగుతోంది. ఇంకా వెనక్కి తీసుకోవచ్చు, ఇంకా ఎవరూ చూడలేదు, ఈ కొండ లోపల ఉన్నంతసేపూ ఆమె ఉద్యోగం ఉన్నట్టే. ఫోను వెలుగులో ఆమె ముఖం తల్లికి కనిపిస్తోంది, తల్లి ముఖం ఆమెకు కనిపించడం లేదు. రష్మి ఫోనును బోర్లించలేదు, మెసేజిని తాకలేదు. రైలు బయటపడింది. గడియారం పోయి ఒక టిక్కు వచ్చింది, రెండో టిక్కు వచ్చింది.

కకిరిగుమ్మలో రైలు ఆపారు, ఎదురుగా గూడ్సు రావాలట. చక్రాల చప్పుడు ఆగేసరికి పెట్టెలో మాటలు గట్టిగా వినిపించాయి. ఫోను వణికింది, మళ్ళీ వణికింది. మొదట సోని: మేడమ్ నేను గైడులోదే రాశాను, నా మార్కులు తీసేస్తారా? ఇంకెవరో నవ్వు బొమ్మలు పెట్టారు. ఇంకొకరు గైడు పేజీ ఫోటో తీసి, ఆ లైను మీద ఎర్ర గీత గీసి పెట్టారు. దాన్ని చూసి ఇంకొకరు తమ పేజీ. ఇంకొకరు. బిందుశ్రీ పేరు పక్కన టైపు చేస్తున్నట్టు వచ్చింది, పోయింది, వచ్చింది. అప్పుడు రింగు. బిశ్వజిత్ సార్. పట్టాల మీద గూడ్సు అడుగు పెట్టింది, వినపడక రష్మి స్పీకరు నొక్కింది. ఆయన ఒడియాలో మాట్లాడారు, గొంతులో కోపం లేదు, తొందర ఉంది.

"ఏమిటిది హీలియం? తీసేయండి. అందరికీ డిలీట్ అని ఉంటుంది, నొక్కండి. సెక్రటరీ ఇంకా చూడలేదు. మీ మంచి కోరే కదా నేను దారి చూపించాను. భాష వల్ల పొరపాటంటే ఎవరేమంటారు? మీ తెలుగువాళ్ళకు అది మామూలేనని వాళ్ళే సర్దుకుంటారు."

సంతలో ముప్పై ఏళ్ళు కూరలమ్మిన బుల్లమ్మకు ఒడియా ఒకరు విడమర్చి చెప్పనక్కర్లేదు. ఆమె డబ్బా పక్కన పెట్టింది.

"ఏటన్నాడు? మనోల్లకి మామూలేటి?"

"ఉండమ్మా." రష్మి ఫోను నోటికి దగ్గరగా పట్టుకుంది. "సార్, వైవాలో హీలియం అన్నది నేనే. మీటింగులో మీరు అడక్కుండానే చెప్తాను, మళ్ళీ అందరూ నవ్వొచ్చు. కానీ ఇది ఆ తప్పు కాదు. ఇది గైడులో తప్పు. డిలీట్ చెయ్యను."

గూడ్సు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి కిటికీకి అడ్డంగా పోతున్నాయి. ఆయన ఏదో అన్నారు, వినపడలేదు, మళ్ళీ అన్నారు. సెక్రటరీ ఊరుకోరు, నా చేతుల్లో ఏమీ ఉండదు, ఆలోచించుకోండి.

"ఆలోచించాను సార్. పదకొండింటికి అక్కడుంటాను. మీటింగు ఆఫీసు గదిలో వద్దు, బోర్డున్న గదిలో పెట్టించండి. మల్లేశ్వరరావు గారిని కూడా కూర్చోమనండి, ఆయనకూ అర్థమయ్యేలా చెప్తాను. మీరు పక్కన నిలబడి ఎక్కడ తప్పో చూపించండి. చూపిస్తే ఆ వాక్యం అక్కడే అంటాను."

అటు నుంచి ఫోను పెట్టేశారు. రష్మి ఫోను ఒళ్ళో పెట్టుకుంది. పోయింది, ఉద్యోగం చాలావరకు పోయినట్టే, నాన్నకు ఫోను చేసి చెప్పాలి, గది ఖాళీ చేయాలి, అవన్నీ పదకొండు తర్వాత. గూడ్సు చివరి పెట్టె దాటిపోయింది, ప్లాట్‌ఫాం మళ్ళీ కనిపించింది. బుల్లమ్మ ఎదురు సీట్లోంచి లేచి వచ్చి కూతురి పక్కన జరగమన్నట్టు మోచేత్తో పొడిచి కూర్చుంది. రైలు కదిలాక అంది.

"బోర్డు కావాలన్నావు, బాగుంది. సుద్దముక్కలో? ఆల్లిత్తారేటి?"

"అక్కడే ఉంటాయమ్మా."

"ఉంటాయి! ఉన్నా నీకిత్తారేటే ఇప్పుడు, పిచ్చి మొకమా? దిగ్గానే ఓ పేకట్టు కొనీదాం. నువ్వు గట్టిగా నొక్కి రాత్తావు, ఒకటిరిగితే ఇంకోటుండాలి."